పన్ను తెరిచే ముందు: పల్ప్ జబ్బును అంచెలంచెలుగా తేల్చుకోవడం ఎలా

హౌస్ సర్జన్సీ చేసే రోజుల్లో యాభై ఏళ్ళు దాటిన ఒకావిడ కుడి దవడను అరచేత్తో అదిమిపట్టుకుని వచ్చింది. రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదంది. "ఇదిగో బాబూ, ఇదే పన్ను" అని కింది దవడలో మొదటి మోలార్ (వెనకుండే పెద్ద నమిలే పన్ను) మీద వేలు పెట్టి చూపించింది. ఆ పంటికి పాత సిల్వర్ ఫిల్లింగ్ ఉంది, అంచున కాస్త నల్లగా ఉంది. ఇంకేం చూడాలి అనుకున్నాను. మత్తు ఇచ్చాను. పెదవి మొద్దుబారింది గానీ నొప్పి మాత్రం అలాగే ఉందంది. మత్తు సరిగ్గా పట్టలేదేమో అనుకుని ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి పన్ను తెరిచాను. లోపల్నుంచి ఎర్రగా, తాజాగా రక్తం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్ళీ వచ్చింది, అదే నొప్పితో.

మా మేడమ్ చల్లటి దూది తీసుకుని పై దవడలో ఒక్కో పంటికీ తాకించింది. రెండో మోలార్‌కి తగలగానే ఆవిడ కుర్చీలోంచి లేచిపోయింది. జ్ఞానదంతం వైపున్న గోడలో, ఎక్కడా కనబడకుండా, లోతైన పుచ్చు ఉంది. నా చేతిలో ఒక మంచి పన్ను తన పల్ప్‌ను, అంటే లోపలి "నరాన్ని", పోగొట్టుకుంది. "పెదవి మొద్దుబారినా నొప్పి తగ్గలేదు" అని ఆవిడ అన్నప్పుడే నాకు జవాబు దొరికింది. దాన్ని వినే చదువు అప్పటికి నాకు లేదు.

ఆ రోజు నుంచి కేస్ షీట్‌లో రోగ నిర్ణయం రాయకుండా హ్యాండ్‌పీస్ (పన్ను తొలిచే డ్రిల్) ముట్టుకోను. ఎలా రాస్తానో ఇక్కడ వరసగా చెబుతాను. ఇది ముఖ్యంగా ఫైనల్ ఇయర్ పిల్లలకు, హౌస్ సర్జన్లకు, చిన్న ఊళ్ళలో ఒక్కరే క్లినిక్ నడిపేవాళ్ళకు. పంటి నొప్పితో బాధపడుతూ ఇది చదివేవాళ్ళకు కూడా, డాక్టరు అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారో, నొప్పి లేని పక్క పంటిని ఎందుకు ముట్టుకుంటారో అర్థమవుతుంది.

మొదట, పంటి లోపల ఏముందో

మన జనం "నరం" అనేది, పుస్తకాలు "దంతమజ్జ" అనేది, మనం రోజూ పల్ప్ అనేది ఒక్కటే. అయితే అందులో నరం ఒక్కటే లేదు. రక్తనాళాలు, ఫైబ్రోబ్లాస్టులు, రక్షణ కణాలు, కొల్లాజెన్ పోగులు, అవసరమైతే కొత్త కణాలుగా మారగల మూలకణాలు, అన్నీ కలిసిన మెత్తటి కణజాలం అది. ఒక పంటిలో ఉండేది సగటున 0.02 మిల్లీలీటర్లు. అంటే ఒక నీటి చుక్క కంటే తక్కువ. చుట్టూ గట్టి డెంటిన్ గోడ, దాని మీద తెల్లటి పైపొర ఎనామిల్. రక్తం వచ్చేదీ పోయేదీ ప్రధానంగా వేరు కొసన ఉన్న సన్నటి రంధ్రం గుండానే.

అంచు నుంచి లోపలికి వెళితే మొదట ఓడోంటోబ్లాస్టుల వరస. డెంటిన్‌ను కట్టేది ఇవే. వాటి తోకలు డెంటిన్‌లోని సన్నటి గొట్టాల్లోకి చొచ్చుకుని ఉంటాయి. దాని కింద కణాలు తక్కువగా ఉండే వైల్ పొర, ఆ తర్వాత కణాలు దట్టంగా ఉండే పొర, నడిమధ్యలో పెద్ద రక్తనాళాలు, నరాలు.

డెంటిన్ గొట్టాల సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎనామిల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు దాదాపు 20,000 ఉంటే, పల్ప్ దగ్గరకొచ్చేసరికి 45,000 దాటుతాయి. అక్కడ అవి వెడల్పుగా కూడా ఉంటాయి. పుచ్చు ఎనామిల్ దాటి ఒక మిల్లీమీటరు లోపలికి పోవడం, పల్ప్‌కి ఒక మిల్లీమీటరు దూరంలోకి రావడం ఒకటి కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. రెండో పుచ్చులో బ్యాక్టీరియా విషాలకు దారులు రెట్టింపు.

ఈ గొట్టాల నిండా ద్రవం ఉంటుంది. ఫ్రిజ్ నీళ్ళు తగిలినా, గాలి కొట్టినా, తీపి తగిలినా ఆ ద్రవం గబుక్కున కదులుతుంది. ఆ కదలికే నరం కొసను రేపుతుంది. స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రామ్ 1960లలో ప్రయోగాలతో బలపరిచిన హైడ్రోడైనమిక్ సిద్ధాంతం ఇదే.

నరాల పోగులు ప్రధానంగా రెండు రకాలు. ఎ-డెల్టా పోగులకు మైలిన్ తొడుగు ఉంటుంది, అవి అంచునే ఉంటాయి, కబురు చాలా వేగంగా మోస్తాయి. సి పోగులకు ఆ తొడుగు లేదు, లోపలెక్కడో ఉంటాయి, నెమ్మదిగా మోస్తాయి. పల్ప్‌లో ఆక్సిజన్ తగ్గినా అవి చాలాసేపు బతికే ఉంటాయి. చల్లటి నీళ్ళు తాగగానే "జివ్వుమంది" అంటే ఎ-డెల్టా పలికిందన్నమాట. రాత్రంతా "సలుపుతూనే ఉంది", "పోట్లు పొడుస్తోంది" అంటే సి పోగులు రేగాయి. తెలుగులో నొప్పికున్న ఇన్ని మాటలు మనకు ఎంత అక్కరకొస్తాయో! రోగి ఏ మాట వాడితే ఆ మాటనే కేస్ షీట్‌లో రాయండి. "పెయిన్ ప్రెజెంట్" అని రాస్తే సగం సమాచారం అక్కడే పోతుంది.

ఇంకొక సంగతి. నొప్పి ఎక్కడుందో కచ్చితంగా చెప్పే వ్యవస్థ పల్ప్‌లో లేదు. అది పంటి చుట్టూ ఉండి దాన్ని ఎముకకు కట్టిపట్టే లిగమెంట్‌లో ఉంది. అందుకే జబ్బు పల్ప్‌లోనే ఉన్నంతకాలం రోగి పై దవడకూ కింది దవడకూ మధ్య తికమకపడతారు. వాపు వేరు కొస దాటి లిగమెంట్‌ను తాకాక మాత్రం వేలు పెట్టి సరిగ్గా ఆ పన్నే చూపిస్తారు. నా దగ్గరకొచ్చిన ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ పల్ప్ చెప్పగలిగింది అంతే.

పల్ప్ ఎలా జబ్బుపడుతుంది

పల్ప్ చేతులు ముడుచుకుని కూర్చోదు. పుచ్చు మెల్లగా వస్తుంటే ఓడోంటోబ్లాస్టులు లోపలి వైపు అదనంగా డెంటిన్ కట్టుకుంటాయి. దెబ్బ గట్టిదై అవి చచ్చిపోతే, మూలకణాల్లోంచి కొత్త కణాలు పుట్టి, కాస్త గజిబిజిగా అయినా ఒక గోడ కడతాయి. పల్ప్‌కి అసలు శత్రువు బ్యాక్టీరియా అని 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ ఎలుకల మీద చూపించారు. మామూలు ఎలుకల్లో పల్ప్ బయటపడితే అది కుళ్ళి చచ్చిపోయింది. అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో అదే గాయం, అందులో తిండి కూరుకుపోయినా, డెంటిన్ వంతెన కట్టుకుని మానిపోయింది.

వాపు వచ్చిన పల్ప్ గట్టి గోడల మధ్య ఇరుక్కుని తన గొంతు తానే నులుముకుని మొత్తం ఒక్కసారే చనిపోతుందని ఒకప్పుడు నేర్పేవారు. అసలు జరిగేది అలా కాదు. పుచ్చు కింద చిన్న చీముగడ్డ పుడుతుంది. దాని చుట్టూ వాపు ఉంటుంది, కొంచెం పక్కకు పోతే మామూలు పల్ప్. పల్ప్ పైకి పొడుచుకొచ్చే కొమ్ము దగ్గర మొదలై కొద్దికొద్దిగా వేరు వైపు దిగుతూ చనిపోతుంది. ఒకే మోలార్‌లో ఒక వేరు చచ్చి ఇంకో వేరు బతికి ఉండటం అందుకే. అలాంటి పన్ను మన పరీక్షల్ని బాగా తికమక పెడుతుంది.

మొదటి అడుగు: కూర్చోబెట్టి వినండి

అయిదు నిమిషాలు చాలు. నేను అడిగేవి ఇవి. నొప్పి దానంతట అదే వస్తుందా, ఏదైనా తగిలితేనే వస్తుందా? చల్లటిది తాగాక నొప్పి గుటకతో పాటే పోతుందా, నిలబడుతుందా? నిద్రలోంచి లేపుతుందా? పడుకుంటే ఎక్కువవుతుందా? వేడి టీ తాగితే ఎలా ఉంటుంది? నమిలితే నొప్పా, నమిలి వదిలేస్తే నొప్పా? ఈ మధ్య ఆ వైపు ఫిల్లింగ్, క్యాప్ ఏమైనా చేయించారా? చిన్నప్పుడు దెబ్బ తగిలిందా?

ఆఖరున తప్పకుండా అడగాల్సింది: పొద్దుటి నుంచి ఏ మాత్ర వేసుకున్నారు, ఎన్ని గంటలకు? మన దగ్గర పంటి నొప్పి అంటే ముందు మెడికల్ షాపు, తర్వాతే డాక్టరు. ఐబుప్రొఫెన్ వేసుకున్న రెండు గంటలకు కుర్చీలో కూర్చుంటే, చల్లదనానికీ తట్టడానికీ జబ్బు పన్ను మామూలు పన్నులా జవాబివ్వచ్చు. అలాంటప్పుడు తొందర లేకపోతే మాత్ర ప్రభావం దిగాక రమ్మనడమే మంచిది.

రోగి నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, నిమిషానికోసారి చల్లటి నీళ్ళు పుక్కిట పట్టుకుంటూ లోపలికి వస్తే, సగం రోగ నిర్ణయం గుమ్మంలోనే అయిపోయినట్టు. వేడికి పెరిగి, చల్లదనానికి ఉపశమించే నొప్పి బాగా ముదిరిన పల్పైటిస్‌ది, అంటే పల్ప్ వాపుది.

లవంగ నూనె పెట్టుకుంటే కాస్త తగ్గిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందులోని యూజినాల్ నరాన్ని కాసేపు మందగింపజేస్తుంది. జబ్బు తగ్గినట్టు కాదు. ఆస్పిరిన్ బిళ్ళ చిగురు మీద పెట్టుకుని వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ చిగురు తెల్లగా కాలి ఉంటుంది, దాన్ని ఇంకో జబ్బని పొరబడకండి.

రెండో అడుగు: కళ్ళు, వేళ్ళు, అద్దం పిడి

ముందు ముఖం చూడండి. వాపు ఉందా, ఒక వైపు దవడ కింద గడ్డలు తగులుతున్నాయా, నోరు పూర్తిగా తెరుచుకుంటోందా. తర్వాత నోట్లో, పళ్ళు ఆరబెట్టి, మంచి వెలుతురులో చూడండి. తడి పంటి మీద చీలికలు కనబడవు.

చిగురు మీద చిన్న మొటిమలాంటిది ఉంటే అది సైనస్ దారి, అంటే లోపలి చీము బయటికొచ్చే సన్నటి దారి. అది ఉన్నచోటే జబ్బు పన్ను ఉంటుందని అనుకోవద్దు. 25 లేదా 30 నంబరు గట్టాపెర్చా పాయింట్‌ను (రబ్బరులాంటి సన్నటి పుల్ల) మెల్లగా ఆ రంధ్రంలోకి, ఆగేదాకా పంపి, ఎక్స్-రే తీయండి. ఆ తెల్లటి గీత ఏ వేరు కొసకు వెళ్ళి ఆగిందో అదే చీముకు మూలం. రెండు పళ్ళ అవతలికి పోవడం కూడా చూశాను.

తర్వాత చూపుడు వేలితో వేరు కొస ఉండే చోట చిగురును నొక్కి చూడండి. అద్దం పిడితో పంటిని తట్టండి. అనుమానం ఉన్న పంటితో ఎప్పుడూ మొదలుపెట్టొద్దు. ఎదుటి వైపు మంచి పన్ను, తర్వాత పక్క పన్ను, ఆ తర్వాత అనుమానపు పన్ను. మరీ నొప్పిగా ఉన్నవాళ్ళను ముందు వేలితోనే నొక్కి చూడండి. తట్టితే నొప్పి అంటే లిగమెంట్ వాచిందనే అర్థం. పల్ప్ బతికుందో లేదో అది చెప్పదు. నిన్న పెట్టిన ఫిల్లింగ్ ఎత్తుగా ఉన్నా తట్టితే నొప్పే.

చిగురు లోతు కొలిచే ప్రోబ్‌ను పంటి చుట్టూ నడిపించండి. అంతటా 2, 3 మిల్లీమీటర్లుండి ఒక్కచోట మాత్రం సన్నగా, లోతుగా దిగిపోతే వేరు నిలువునా చీలిందేమో, లేదా చీము ఆ దారిన బయటికొస్తోందేమో చూడాలి.

కొరికించే పరీక్ష గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన ఇళ్ళలో సకినాలు, గట్టి జంతికలు, మటన్ బొక్కలు నమిలే పళ్ళు ఎక్కువ. "ఒక్కోసారి నమిలితే చురుక్కుమంటుంది, మళ్ళీ ఆరు నెలలు ఏమీ ఉండదు" అంటూ ఎక్స్-రేలో ఏమీ కనబడని రోగి వస్తే, ఒక్కో కొన మీద విడిగా కొరికించండి. దానికి ప్రత్యేకంగా ప్లాస్టిక్ పరికరం ఉంది. అది లేకపోతే దూది చుట్టతో మొదలుపెట్టండి. కొరికినప్పటి కంటే వదిలినప్పుడు చురుక్కుమంటే పన్ను చీలిందని గట్టిగా అనుమానించాలి. గది లైటు తగ్గించి, పంటికి ఒక పక్క నుంచి ఫైబర్ లైట్ పెడితే వెలుగు చీలిక దగ్గర ఆగిపోతుంది. అవతలి సగం చీకటిగా ఉంటుంది.

మూడో అడుగు: చల్లదనం పరీక్ష

నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే విలువైనది ఇదే, ఖర్చు తక్కువైనదీ ఇదే. ఐస్ పుల్ల సున్నా డిగ్రీలే, కరిగి చిగురు మీదికి కారి తప్పుడు జవాబిస్తుంది. పంటి పరీక్ష కోసమే వచ్చే టెట్రాఫ్లోరోఈథేన్ స్ప్రే మైనస్ 26 డిగ్రీలకు చేరుతుంది. క్యాప్ వేసిన పంటికి కూడా పనికొస్తుంది. చేసే తీరు ఇది:

1. రోగికి ముందే చెప్పండి: "చల్లగా తగలగానే ఎడమ చెయ్యి ఎత్తండి. చల్లదనం పోయేదాకా చెయ్యి ఎత్తే ఉంచండి, పోగానే దించండి." ఎత్తడంతో పాటు దించడం కూడా మనకు కావాలి.
2. పంటిని గాజుగుడ్డతో తుడిచి, దూది చుట్టలు పెట్టి పొడిగా ఉంచండి.
3. చిన్న దూది పుల్లలతో పని జరగదు. కాటన్ ప్లయర్స్‌తో పెద్ద దూది ఉండ పట్టుకుని, మంచు పేరుకునేదాకా స్ప్రే కొట్టండి.
4. మొదట ఎదుటి వైపు మంచి పన్ను. రోగి చెయ్యి ఎప్పుడు ఎత్తారో, ఎప్పుడు దించారో లెక్కపెట్టండి. ఆ రోగికి "మామూలు" అంటే ఎంతో అప్పుడే తెలుస్తుంది.
5. తర్వాత పక్క పళ్ళు, అటుపైన అనుమానపు పన్ను. పంటి ముఖం మధ్య భాగంలో, చిగురుకు తగలకుండా పెట్టండి. చెయ్యి ఎత్తగానే దూది తీసేయండి. ఎత్తకపోతే పదిహేను సెకన్ల దాకా చూడండి.
6. ఒక పంటికీ ఇంకో పంటికీ మధ్య రెండు నిమిషాలు ఆగండి. తొందరపడితే మొదటి పంటి జవాబు రెండో పంటి ఖాతాలో పడుతుంది.

చల్లగా తగిలి రెండు మూడు సెకన్లలో పోతే మామూలు పల్ప్. ఎక్కువగా జివ్వుమని, దూది తీయగానే పోతే రివర్సిబుల్ పల్పైటిస్, అంటే బాగుపడే వాపు. దూది తీసినా నిలబడి, సలుపుగా మారి, రోగి చెయ్యి చెంప మీదికి పోతే ఇర్రివర్సిబుల్, అంటే ఇక బాగుపడదనుకునే వాపు. 30 సెకన్లు దాటితే నిలబడినట్టు అని చాలామంది గీత గీస్తారు. నేను మాత్రం అదే నోట్లోని మంచి పంటితో పోల్చుకున్నాకే గడియారం చూస్తాను. అసలు జవాబే లేకపోతే చనిపోయిందని అనుమానించాలి. అనుమానమే, ఇంకా తీర్పు కాదు.

నాలుగో అడుగు: కరెంటు, వేడి

కరెంటుతో చేసే పల్ప్ టెస్టర్ ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది: లోపల పలికే నరం ఉందా లేదా. తెరమీద 30 వచ్చిందా 60 వచ్చిందా అన్నదాన్నిబట్టి జబ్బు ఎంత ముదిరిందో చెప్పలేం. పన్ను తడిగా ఉన్నా, పక్క పంటి సిల్వర్ ఫిల్లింగ్‌కి తగిలినా కరెంటు అటు పోయి తప్పుడు జవాబు వస్తుంది. టెన్షన్‌గా ఉన్న రోగి ముందే చెయ్యెత్తేస్తారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు వాడొద్దని తయారీదారులే రాస్తారు.

వేడి పరీక్ష అందరికీ అక్కర్లేదు. "వేడికే వస్తుంది, చల్లదనానికి ఏమీ లేదు" అనేవాళ్ళకు మాత్రమే. వీలైతే రబ్బర్ డ్యామ్ (ఒక్క పన్నే బయటికి కనబడేలా కప్పే రబ్బరు పొర) వేసి ఒక్కో పంటి మీద టీ వేడి ఉన్న నీళ్ళు పోయండి. మత్తు సిరంజి దగ్గర పెట్టుకోండి, ఆ నొప్పి ఒక్కసారి లేచిందంటే దానంతట అది తగ్గదు.

చల్లదనం, వేడి, కరెంటు, ఈ మూడూ నరాన్నే అడుగుతాయి. పల్ప్ బతికుండటం రక్తప్రసరణ మీద ఆధారపడి ఉంటుంది. ఆ తేడా దెబ్బ తగిలిన పళ్ళలో బయటపడుతుంది.

అయిదో అడుగు: ఎక్స్-రే

దీన్ని అయిదో అడుగుగా పెట్టడం కావాలనే. ముందు ఎక్స్-రే చూస్తే కన్ను అక్కడే అతుక్కుపోతుంది. రెండు కోణాల్లో పెరియాపికల్ (వేరు కొస దాకా కనబడేది), దానితో ఒక బైట్‌వింగ్ (పై, కింది పళ్ళ పైభాగాలు కలిపి కనబడేది) తీయండి. పుచ్చు పల్ప్‌కి ఎంత దగ్గరో, పాత ఫిల్లింగ్ కింద ఏముందో బైట్‌వింగ్ చూపినంత బాగా ఇంకోటి చూపదు.

పల్ప్ ఎక్స్-రేలో కనబడదు. పల్పైటిస్ కూడా చాలాసార్లు కనబడదు. వేరు కొస దగ్గర నలుపు లేకపోతే ఎముకకు ఏమీ కాలేదనీ చెప్పలేం. లోపలి మెత్తటి ఎముకలోనే ఉన్న లోటు మామూలు ఎక్స్-రేలో కనబడదనీ, అది గట్టి పైపొర దాకా వస్తేనే తెలుస్తుందనీ బెండర్, సెల్ట్‌జర్ 1961లో దవడ ఎముకల మీద చేసి చూపించారు. నలుపు కనిపించినా తొందరపడకూడదు. కింది రెండో ప్రీమోలార్ దగ్గర మెంటల్ ఫోరామెన్, పై ముందు పళ్ళ మధ్య నాసోపాలటైన్ ఫోరామెన్ ఎముకలో సహజంగా ఉండే రంధ్రాలే అయినా అచ్చం గడ్డలాగే కనబడతాయి. నడివయసు ఆడవాళ్ళలో కింది ముందు పళ్ళ వేర్ల దగ్గర నల్లటి మచ్చలు రావడం ఇంకో పెద్ద ఉచ్చు. అది ఎముకకు వచ్చే మార్పు, సిమెంటో-ఆసియస్ డిస్‌ప్లేసియా. పళ్ళు బతికే ఉంటాయి. చల్లటి దూది ఒక్కసారి పెడితే ఆ నాలుగు పళ్ళూ రూట్ కెనాల్ తప్పించుకుంటాయి.

ఆరో అడుగు: రెండు పేర్లు రాయండి

ఒక్కో పంటికి రెండు మాటలు రాయాలి, పల్ప్‌కి ఒకటి, వేరు కొసకు ఒకటి. అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం 2009లో ప్రచురించిన పేర్లే మన కాలేజీల్లోనూ నడుస్తున్నాయి.

పల్ప్ వైపు: నార్మల్, రివర్సిబుల్ పల్పైటిస్, నొప్పి ఉన్న ఇర్రివర్సిబుల్ పల్పైటిస్, నొప్పి లేని ఇర్రివర్సిబుల్ పల్పైటిస్, నెక్రోసిస్ (పల్ప్ చనిపోవడం). ఇవిగాక, ఇంతకుముందే రూట్ కెనాల్ చేసినది, మొదలుపెట్టి వదిలేసినది. వేరు కొస వైపు: నార్మల్, నొప్పి ఉన్న ఎపికల్ పెరియోడాంటైటిస్ (వేరు కొస చుట్టూ వాపు), నొప్పి లేనిది, అక్యూట్ చీముగడ్డ, సైనస్ దారి ఉన్న క్రానిక్ చీముగడ్డ, కండెన్సింగ్ ఆస్టైటిస్ (వేరు కొస దగ్గర ఎముక గట్టిపడటం).

ఈ పేర్లను ఎంత నమ్మొచ్చు? 2014లో రికూచ్చి, లోగిన్, సికేరా పీకిన పళ్ళను ముక్కలు కోసి మైక్రోస్కోపులో చూసి, అంతకుముందు రాసిన రోగ నిర్ణయంతో పోల్చారు. నార్మల్ లేదా రివర్సిబుల్ అన్నచోట 96.6 శాతం సరిపోయింది. ఇర్రివర్సిబుల్ అన్నచోట 84.4 శాతమే. అంటే మనం పోయిందనుకున్న పల్పుల్లో కొన్ని ఇంకా బాగుపడేవే. అందుకే "ఇర్రివర్సిబుల్" అన్న మాట రాసేటప్పుడు నా కలం కాసేపు ఆగుతుంది. పైభాగం చెడినా వేర్లలోని పల్ప్ బాగానే ఉండొచ్చు. చెడినదంతా తీసి, సోడియం హైపోక్లోరైట్ తడిపిన దూది పెట్టి, కొన్ని నిమిషాల్లో రక్తం ఆగితే, మిగిలినదాని మీద ఎమ్‌టీఏ లాంటి కాల్షియం సిలికేట్ సిమెంట్ పెట్టి పల్ప్‌ను నిలబెట్టుకునే వైద్యం ఇప్పుడు పెద్దవాళ్ళ పళ్ళకూ చేస్తున్నారు. రక్తం ఆగడం, ఆగకపోవడం కూడా ఒక పరీక్షే. తెరిచాక అసలు రక్తమే లేకపోతే, బయట రాసుకున్న పేరును దిద్దుకోవాలి.

ఉచ్చులు

దెబ్బ తగిలిన పన్ను: పిల్లాడు క్రికెట్ బంతి తగిలి వచ్చిన రోజు చల్లదనానికి జవాబు లేకపోతే చనిపోయిందని రాయొద్దు. నరం అదిరి మౌనంగా ఉండొచ్చు, రక్తప్రసరణ ఉండొచ్చు. మూడు నెలల దాకా కూడా జవాబు రాకపోవచ్చు. జవాబు లేకపోవడం ఒక్కటే చాలదు. దానితో పాటు పంటి రంగు మారడం, వేరు కొస నలుపు, సైనస్ దారి లాంటి మరో ఆనవాలు కూడా కావాలి. వేరు కొస ఇంకా మూసుకోని చిన్నపిల్లల పళ్ళకు కరెంటు పరీక్ష నమ్మదగింది కాదు.

పెద్ద వయసు: ఏళ్ళ తరబడి పళ్ళపొడి, బొగ్గు, వేపపుల్లతో గట్టిగా రుద్దిన పళ్ళు చిగురు దగ్గర గాడిపడి ఉంటాయి. లోపల డెంటిన్ పేరుకుని పల్ప్ గది దారమంత అయిపోయి ఉంటుంది. చల్లదనానికి ఆలస్యంగా, మందంగా జవాబిస్తాయి. పక్క పళ్ళన్నీ అలాగే ఉంటే అదే ఆ తాతగారి మామూలు.

పంటిది కాని నొప్పి: జలుబు తర్వాత పై దవడలో వరసగా మూడు నాలుగు పళ్ళు తట్టితే నొప్పి, ముందుకు వంగితే బరువు, చల్లదనానికి అన్నీ మామూలుగా ఉంటే అది ముక్కు పక్కన ఎముకలోని గాలి గది (సైనస్) వాపు. ముఖం కడుక్కుంటే, గాలి తగిలితే కరెంటు షాక్‌లా కొన్ని సెకన్లు కొట్టి పోతే ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖపు నరం నొప్పి. దానికి వరసగా పళ్ళు పీకించుకున్నవాళ్ళను చూశాను, చాలా బాధ కలిగించే సంగతి. ఇక మెట్లెక్కితే ఎడమ దవడ లాగి, కూర్చుంటే తగ్గి, పళ్ళలో ఏ లోపమూ కనబడకపోతే ఆ మనిషిని ముందు గుండె డాక్టరు దగ్గరకు పంపండి. మర్నాటి అపాయింట్‌మెంట్ రాసి కూర్చోవద్దు.

ఏ పన్నో తేలకపోతే

అన్నీ చేశాక కూడా పైదా కిందదా తేలకపోతే, నొప్పి ఆ క్షణంలో ఉంటే, మత్తును పరీక్షగా వాడండి. కింది దవడకు బ్లాక్ (ఆ వైపు నరం మొత్తానికి మత్తు) ఇవ్వండి. పెదవి మొద్దుబారి నొప్పి పూర్తిగా పోతే కిందిది. నొప్పి చెక్కుచెదరకపోతే పైదానికి వెళ్ళండి, ముందు పంటి నుంచి వెనక్కి ఒక్కోటీ ఇన్‌ఫిల్ట్రేషన్ (ఆ పంటి దగ్గరే మత్తు). నాకు ఆ రోజు రోగి స్వయంగా ఈ పరీక్ష చేసి పెట్టింది.

అప్పటికీ తేలకపోతే తెరవకండి. నొప్పికి, కడుపులో అల్సర్, కిడ్నీ సమస్య, ఇతర మందులు అన్నీ అడిగి తెలుసుకుని, ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపి ఇవ్వండి. అమోక్సిసిలిన్ రాయొద్దు. పల్పైటిస్ నొప్పిని పెన్సిలిన్ తగ్గించలేదని 2000లో 40 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో తేలింది. 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా, రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న పెద్దవాళ్ళకు పల్పైటిస్‌లో యాంటీబయాటిక్ వద్దని చెప్పింది. జ్వరం, పాకే వాపు, నోరు తెరుచుకోకపోవడం ఉంటే అది వేరే సంగతి. మింగడం, ఊపిరి కష్టమైతే వెంటనే పెద్దాసుపత్రి.

రోగికి ఒక కాగితం ఇచ్చి చెప్పండి: "నొప్పి వచ్చిన ప్రతిసారీ టైము రాయండి, ఏం తిన్నారో తాగారో రాయండి, ఎంతసేపు ఉందో రాయండి. కొరికితే ఏ పన్ను నొప్పో తెలిసిన రోజు వెంటనే రండి." చాలామందికి రెండు మూడు రోజుల్లో జబ్బు లిగమెంట్‌ను తాకుతుంది, పన్ను తనను తానే చూపించుకుంటుంది. ఆ కాగితం పట్టుకుని వచ్చాక, మళ్ళీ ఎదుటి వైపు మంచి పంటితో మొదలుపెట్టండి.